విద్యుత్ కారుకు పెద్ద టైర్లు: కోట్‌పల్లి దారుల లెక్క

చేవెళ్ల మర్రిచెట్ల కింద నుంచి మన్నెగూడ, అక్కడ మళ్లి వికారాబాద్, అనంతగిరి అడవి దాటాక కోట్‌పల్లి ప్రాజెక్టు. హైదరాబాద్ కుటుంబాల వారాంతపు దారి ఇది. 1967లో సాగునీటి కోసం కట్టిన ఈ జలాశయానికి ఇప్పుడు కయాకింగ్ పడవల వల్ల జనం వస్తున్నారు. ఆ వచ్చే కార్లలో ఆకుపచ్చ నంబరు ప్లేట్లవి కొత్తగా తోచడం మానేశాయి. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించడంతో మధ్యతరగతి ఇళ్ల ముందుకూ ఇవి చేరాయి. తారు రోడ్డున్నంత సేపూ ప్రయాణం హాయిగానే సాగుతుంది. గట్టు వైపు మొరం బాట పట్టగానే బెంగ మొదలవుతుంది. కారు అడుగంతా బ్యాటరీ పరచి ఉంది, రాయి తగిలితే ఎలా? ఆ వెంటనే వచ్చే ఆలోచన, టైర్లు పెద్దవి వేయిస్తే సరిపోదా అన్నది.

ఆలోచన సబబైనదే. అయితే టైర్ల దుకాణంలో ‘అప్‌సైజ్’ అని ఒకే పేరుతో పిలిచే దానిలో రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి, చక్రం మొత్తం ఎత్తు పెంచడం. రెండోది, ఎత్తు దాదాపు అలాగే ఉంచి లోపలి రిమ్మును పెద్దది చేయడం. మొదటి పని కారును నేల నుంచి కాస్త పైకి లేపుతుంది. రెండోది కారుకు అందం తెస్తుంది, మలుపుల్లో పట్టు కూడా పెంచుతుంది, కానీ గాలి ఉండే గోడను పొట్టిది చేస్తుంది. వికారాబాద్, తాండూరు ప్రాంతపు రోడ్లకు కావలసింది గాలి గోడ. అమ్ముడుపోయేది మాత్రం ఎక్కువగా పెద్ద రిమ్మే.

టైరు మీది అంకెలు

టైరు పక్కగోడ మీద 215/60 ఆర్16 అని ఉందనుకుందాం. 2020 జనవరిలో మార్కెట్లోకి వచ్చిన టాటా నెక్సాన్ ఈవీకి ఇచ్చిన సైజు ఇది. 215 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 60 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి అరవై వంతు, అంటే 129 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. 16 అంటే అంగుళాల్లో రిమ్ము వ్యాసం, మిల్లీమీటర్లలో 406. కింద ఒక గోడ, పైన ఒక గోడ, మధ్యలో రిమ్ము కలిపితే చక్రం మొత్తం వ్యాసం 664 మిల్లీమీటర్లు వస్తుంది.

ఇదే రిమ్ముకు 215/65 టైరు వేస్తే వ్యాసం 686కు పెరుగుతుంది, దాదాపు 3.2 శాతం ఎక్కువ. 225/60 వేస్తే 676, అంటే 1.8 శాతం. రిమ్ము 17 అంగుళాలకు మార్చి 215/55 టైరు వేస్తే 668. రిమ్ము పెద్దదైంది, చక్రం మాత్రం నాలుగు మిల్లీమీటర్లే పెరిగింది. పెరగనిచోట తగ్గింది ఒకటుంది: గాలి గోడ 129 నుంచి 118 మిల్లీమీటర్లకు దిగింది.

కార్ల కంపెనీలు ఈ లెక్కను ఎంత శ్రద్ధగా పాటిస్తాయో వాటి వేరియంట్లు చూస్తే తెలుస్తుంది. 2024 జనవరిలో వచ్చిన పంచ్ ఈవీలో చిన్న బ్యాటరీ కారుకు 185/70 ఆర్15, పెద్ద బ్యాటరీ కారుకు 195/60 ఆర్16 టైర్లు. మొదటి దాని వ్యాసం 640 మిల్లీమీటర్లు, రెండో దానిది 640.4. అర మిల్లీమీటరు తేడా కూడా లేదు. 2024 నవంబరులో చెన్నైలో ఆవిష్కరించిన మహీంద్రా బీఈ 6 మూడు రకాల చక్రాలతో దొరుకుతుంది: 245/60 ఆర్18, 245/55 ఆర్19, 245/50 ఆర్20. వాటి వ్యాసాలు వరుసగా 751, 752, 753. షోరూములో నిలబెట్టి చూస్తే ఇరవై అంగుళాల చక్రం భారీగా కనిపిస్తుంది. నేల నుంచి కారు లేచేది మాత్రం వెంట్రుకవాసి. ఆ రూపానికి చెల్లించిన మూల్యం 147 నుంచి 122 మిల్లీమీటర్లకు తగ్గిన గాలి గోడ.

నాపరాళ్ల నేల

వికారాబాద్ వైపు ఎర్రనేల, మొరం. తాండూరు వైపు నల్లరేగడి. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుంటుంది, దానిమీద వేసిన రోడ్డును కూడా తనతోపాటు చీలుస్తుంది. పైగా తాండూరు అంటే నాపరాయి. గనుల నుంచి పాలిష్ యూనిట్లకు, అక్కడి నుంచి దేశమంతటికీ బండలు మోసే లారీలు, కరన్‌కోటలోని సీసీఐ సిమెంటు కర్మాగారం మొదలుకొని ఇక్కడి ఫ్యాక్టరీలకు తిరిగే టిప్పర్లు ఈ రోడ్లను నలిపేస్తాయి. తారు లేచిపోయిన గుంతల అంచులు పదునుగా ఉంటాయి, రాలిన నాపరాతి పెచ్చులు అంతకన్నా పదును.

ఇలాంటి అంచుకు చక్రం కొట్టుకున్నప్పుడు దెబ్బను మొదట మింగేది టైరులోని గాలి. గోడ ఎత్తుగా ఉంటే టైరు వంగి మళ్లీ లేస్తుంది. గోడ పొట్టిదైతే గుంత అంచుకూ రిమ్ము అంచుకూ మధ్య రబ్బరు నలిగి లోపలి దారాలు తెగిపోతాయి, పక్కగోడ మీద కోడిగుడ్డంత ఉబ్బు లేస్తుంది. అలా ఉబ్బిన టైరుకు మరమ్మతు లేదు. అల్లాయ్ రిమ్ము సొట్టపోవడం, పగులు పట్టడం దీని తర్వాతి మెట్టు. విద్యుత్ కారు బరువు ఈ దెబ్బను ఇంకా పెంచుతుంది. తొలి నెక్సాన్ ఈవీ ఖాళీ బరువే సుమారు 1,400 కిలోలు, అదే బండి పెట్రోలు రూపం కన్నా బాగా ఎక్కువ. అందుకే తాండూరు రోడ్డు మీద తిరగాల్సిన కారుకు 16 అంగుళాల రిమ్ము తీసి 18 వేయించడం డబ్బిచ్చి ఇబ్బంది కొనుక్కోవడమే. కంపెనీ ఇచ్చిన వాటిలో చిన్న రిమ్ము, ఎత్తు గోడ ఉన్న వేరియంటే ఈ ప్రాంతానికి మేలు.

నేలకూ కారు అడుగుకూ మధ్య ఎడం పెంచాలనుకునేవారు గుర్తుంచుకోవలసిన లెక్క ఒకటుంది. చక్రం వ్యాసం ఎంత పెరిగితే కారు అందులో సగమే లేస్తుంది, ఎందుకంటే ఇరుసు చక్రం మధ్యలో ఉంటుంది. 215/60 బదులు 215/65 వేస్తే వ్యాసం 21.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది, కారు లేచేది 11 మిల్లీమీటర్ల లోపే. ఒక సెంటీమీటరు. తొలి నెక్సాన్ ఈవీకి కంపెనీ చెప్పిన నేల ఎడం 205 మిల్లీమీటర్లు. 2022లో వచ్చిన పెద్ద బ్యాటరీ నెక్సాన్ ఈవీ మ్యాక్స్‌కు 190. ఆ కోల్పోయిన 15 మిల్లీమీటర్లను కూడా ఒక మెట్టు టైరు పూర్తిగా పూడ్చలేదు. పైగా నలుగురు మనుషులు, సామాను ఎక్కితే స్ప్రింగులు కుంగి అంతకన్నా ఎక్కువే పోతుంది. స్పీడ్ బ్రేకరును ఏటవాలుగా దాటడం, గట్టు దగ్గర రాళ్లున్న చోట మనుషుల్ని దింపి బండి నడపడం ఈ సెంటీమీటరు కన్నా ఎక్కువ పని చేస్తాయి.

అలాగని పెద్ద చక్రం వల్ల లాభం ఆ సెంటీమీటరుకే పరిమితం కాదు. ఎడ్లబండి చక్రం అంత ఎత్తుగా ఎందుకుంటుందో రైతుకు తెలుసు: ఎత్తు చక్రం గుంతలోకి తక్కువ దిగుతుంది, గట్టును తేలిగ్గా ఎక్కుతుంది. కారు టైరు రెండు మూడు శాతం పెరిగితే ఈ తేడా కొద్దిగానే ఉంటుంది, కానీ ఉంటుంది.

మీటరు చెప్పే దూరం

కారుకు తాను ఎంత దూరం వెళ్లిందో నేరుగా తెలియదు. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, కంపెనీ వేసిన టైరు చుట్టుకొలతతో గుణించుకుంటుంది. 664 మిల్లీమీటర్ల చక్రం కిలోమీటరుకు సుమారు 479 సార్లు తిరుగుతుంది. టైరు పెద్దదైతే చుట్లు తగ్గుతాయి. మీటరుకు ఆ సంగతి తెలియదు కాబట్టి వేగాన్నీ దూరాన్నీ తక్కువ చేసి చూపిస్తుంది.

ఎంజీ కామెట్ దీనికి మంచి ఉదాహరణ. 2023లో వచ్చిన ఈ చిన్న విద్యుత్ కారుకు 145/70 ఆర్12 టైర్లు, వ్యాసం 508 మిల్లీమీటర్లు. ఈ బుల్లి చక్రాలు గుంతల్లో కుదిపేస్తుంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఆల్టో టైరు. మారుతీ ఆల్టో 800కు వేసే 145/80 ఆర్12 ప్రతి టైర్ల దుకాణంలోనూ దొరుకుతుంది, రిమ్ము కొలత అదే, వెడల్పు అదే, బరువు మోసే శక్తి కూడా కాస్త ఎక్కువే. కానీ వ్యాసం 537. అంటే 5.7 శాతం పెంపు. మీటరులో 80 చూపిస్తున్నప్పుడు కారు నిజంగా 84.6 వేగంతో పోతుంటుంది. వేగం విషయంలో ఐక్యరాజ్యసమితి 39వ వాహన నిబంధన స్పష్టంగా ఉంది: మీటరు అసలు వేగం కన్నా ఎక్కువ చూపితే చూపవచ్చు, తక్కువ మాత్రం చూపకూడదు. కంపెనీలు మీటరును కొంచెం ముందుకు పెట్టేది అందుకే. చిన్న పెంపు ఆ వెసులుబాటులో ఇమిడిపోతుంది. ఆరు శాతానికి దగ్గరైన పెంపు ఇమడకపోవచ్చు. టైర్ల వృత్తిలో వ్యాసం తేడా మూడు శాతం దాటవద్దనే వాడుక నియమం ఈ అనుభవం నుంచే వచ్చింది.

విద్యుత్ కారు యజమాని మీటరును అందరికన్నా ఎక్కువ నమ్ముతాడు, ఒక ఛార్జింగుకు ఎన్ని కిలోమీటర్లో రోజూ చూసుకుంటాడు కాబట్టి. టైరు మార్చాక ఆ లెక్క గల్లంతవుతుంది. 215/65 వేయించిన కారు నిజంగా 206 కిలోమీటర్లు పోయినా మీటరు 200 అనే అంటుంది. అంటే కనిపించే తగ్గుదలలో కొంత భాగం మీటరు తప్పిదమే. నిజం తెలియాలంటే ఫోనులోని జీపీఎస్ దూరంతో పోల్చి చూడాలి. ఇదే తేడా వారంటీలోకి కూడా చేరుతుంది. బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు అన్న షరతు ఉన్న కారులో తక్కువ చూపే మీటరు తగాదాకు తావిచ్చే విషయం.

ఛార్జింగు ఎక్కడికి పోతుంది

1899 ఏప్రిల్ 29న ఫ్రాన్స్‌లోని అషేర్ దగ్గర బెల్జియం దేశస్థుడు కమీల్ జెనాట్జీ గంటకు 105.88 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. గంటకు వంద దాటిన తొలి రోడ్డు వాహనం అది. అది విద్యుత్ కారు, మిషెలిన్ గాలి టైర్ల మీద పరుగెత్తింది. అప్పటి నుంచీ బ్యాటరీలో ఉన్న శక్తిని చక్రం ఎంత పొదుపుగా నేలకు చేరుస్తుందన్నదే విద్యుత్ కారుకు అసలు పరీక్ష.

టైరు తిరిగేటప్పుడు నేలకు ఆనే భాగం నలుగుతుంది, పైకి వెళ్లాక తేరుకుంటుంది. ఈ నలుగుడులో కొంత శక్తి వేడిగా పోతుంది. దీన్ని దొర్లుడు నిరోధం అంటారు. మనుషులతో కలిపి 1,600 కిలోల కారు తీసుకుందాం. పొదుపు టైరుకు ఈ నిరోధపు గుణకం 0.008 ఉంటే, కేవలం టైర్లను దొర్లించడానికి కిలోమీటరుకు 35 వాట్-అవర్లు ఖర్చవుతాయి. గుణకం 0.011 ఉన్న మొరటు టైరుకు 48. తేడా 13. కారు మొత్తం ఖర్చు కిలోమీటరుకు 130 వాట్-అవర్లనుకుంటే ఇది పదో వంతు. తొలి నెక్సాన్ ఈవీ బ్యాటరీ 30.2 యూనిట్లది. ఈ లెక్కన దాని నడక 232 కిలోమీటర్ల నుంచి 211కి పడిపోతుంది.

పెట్రోలు కారుకు పదో వంతు తగ్గితే బంకు దగ్గర మరో రెండు వందల రూపాయల ఖర్చు. హైదరాబాద్ నుంచి కోట్‌పల్లికి రానుపోను రెండు వందల కిలోమీటర్లకు దగ్గర. ఆ ఇరవై కిలోమీటర్లే ఇంటికి చేరడానికీ, చేవెళ్ల దగ్గర ఛార్జర్ వెతుక్కోవడానికీ మధ్య తేడా కావచ్చు.

అయితే నిరోధం పెరిగేది కేవలం సైజు వల్ల అనుకోవడం సరికాదు. చక్రం ఎత్తు పెరిగితే, మిగతావన్నీ సమానమైతే, దొర్లుడు నిరోధం కొద్దిగా తగ్గుతుంది కూడా. పెంచేవి వేరే ఉన్నాయి: రబ్బరు మిశ్రమం, లోతైన ముళ్ల అచ్చు, ఎక్కువ బరువు, ఎక్కువ వెడల్పు. బీఎండబ్ల్యూ 2013లో తెచ్చిన ఐ3 కారుకు 155/70 ఆర్19 టైర్లు వేసింది. వ్యాసం దాదాపు 700 మిల్లీమీటర్లు, వెడల్పు మాత్రం చిన్న హ్యాచ్‌బ్యాకుకు ఉండేంతే. ఎత్తు వల్ల దొర్లడం తేలిక, సన్నదనం వల్ల గాలికి అడ్డు తక్కువ. మన టైర్ల దుకాణాల్లో జరిగేది దీనికి పూర్తిగా తిరగబడిన పని. అక్కడ పెద్ద టైరు అడిగితే వెడల్పు టైరు చూపిస్తారు.

వెడల్పు, రిమ్ము బరువు కలిసి ఎంత తినగలవో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ అంకెలు చెబుతాయి. టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్‌కు 19 అంగుళాల చక్రాలతో 396 మైళ్లు, అంటే 637 కిలోమీటర్లు. 21 అంగుళాల చక్రాలతో 348 మైళ్లు, 560 కిలోమీటర్లు. కారు అదే, బ్యాటరీ అదే, తగ్గింది నూటికి పన్నెండు. ఇది విద్యుత్ కార్లకే పుట్టిన బాధ కాదు. 2010లో కార్ అండ్ డ్రైవర్ పత్రిక ఒకే ఫోక్స్‌వాగన్ గోల్ఫ్‌కు 15 నుంచి 19 అంగుళాల దాకా చక్రాలు మార్చి చూసింది. మైలేజీ పది శాతం, పికప్పు నాలుగు శాతం తగ్గాయి.

పికప్పు విషయంలో విద్యుత్ కారుకు ఒక ప్రత్యేకత ఉంది. దాదాపు ఈ కార్లన్నిటికీ ఒకే గేరు. చక్రం వ్యాసం అయిదు శాతం పెరిగితే నేల మీద లాగే బలం దాదాపు అంతే తగ్గుతుంది, గేరు దించి సరిచేసుకునే వీలుండదు. మోటారుకు నిలబడ్డ చోటు నుంచే పూర్తి బలం ఉండడం వల్ల మైదానంలో ఇది పెద్దగా తెలియదు. అనంతగిరి ఎక్కుడులో నిండు కారుతో తెలుస్తుంది. చక్రం అంచున ఉన్న బరువు మరో పాఠం నేర్పుతుంది. టైరు అచ్చు దగ్గర పెరిగిన ఒక కిలో, వేగం అందుకునేటప్పుడు కారులో పెట్టిన దాదాపు రెండు కిలోలతో సమానం. ఆ కిలో ముందుకూ కదలాలి, గుండ్రంగానూ తిరగాలి. బ్రేకు వేసినప్పుడు మోటారు కొంత శక్తిని తిరిగి బ్యాటరీకి పంపుతుంది, కానీ మొత్తం పంపలేదు.

పట్టు, పొదుపు రెండూ ఒకే టైరులో ఇమడవా? 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పోటీలో కార్లన్నీ హాంకూక్ కంపెనీ 18 అంగుళాల టైర్ల మీద పరుగెత్తాయి. ఎండకూ వానకూ ఒకే అచ్చు టైరు అన్నది ఆ పోటీ నియమం. నాలుగైదు రకాల టైర్లు మార్చే పెట్రోలు పందేలకు భిన్నమైన దారి ఇది. రోడ్డు మీది విద్యుత్ కార్లకు కూడా టైర్ల కంపెనీలు ప్రత్యేక రకాలు తెస్తున్నాయి. చిత్తూరు ప్రాంతంలోని చిన్నపాండూరులో 2020లో ఫ్యాక్టరీ ప్రారంభించిన అపోలో సంస్థ 2022లో ఆంపీరియన్ పేరుతో విద్యుత్ కార్ల టైరు విడుదల చేసింది. కోట్‌పల్లికి అంతకన్నా దగ్గరలో, మోమిన్‌పేట మీదుగా వెళ్తే వచ్చే సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్ టైర్ల కర్మాగారం ఉంది. విద్యుత్ కారు టైర్లలో కొన్నిటికి లోపల నురగ పట్టీ అంటిస్తారు. ఇంజిను హోరు లేని కారులో టైరు శబ్దం స్పష్టంగా వినబడుతుంది కాబట్టి ఆ ఏర్పాటు. ముళ్ల అచ్చు టైరు వేయించుకున్నవారు మొదట చెప్పే ఫిర్యాదు కూడా ఈ హోరే.

దొర్లుడు నిరోధం, తడి రోడ్డు పట్టు, శబ్దం ఈ మూడింటికీ భారత ప్రభుత్వం ఏఐఎస్-142 ప్రమాణం కింద హద్దులు పెట్టింది. కొత్త డిజైన్లకు 2022 అక్టోబరు 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. ఇంధన సామర్థ్య బ్యూరో ఫ్రిజ్‌లకు ఇచ్చినట్టే టైర్లకూ నక్షత్రాల గుర్తు ఇచ్చే పథకం తెచ్చింది. టైరు కొనేటప్పుడు బ్రాండు పేరు కన్నా ముందు ఆ నక్షత్రాల చీటీ అడగడం విద్యుత్ కారు యజమానికి నేరుగా కిలోమీటర్లలో లాభం.

బరువు మోసే అంకె

సైజు పక్కనే ఉండే మరో అంకెను చాలామంది చూడరు. 215/60 ఆర్16 95 హెచ్ అన్నప్పుడు 95 అనేది బరువు సూచిక, ఒక్కో టైరు 690 కిలోలు మోయగలదని అర్థం. 91 అయితే 615 కిలోలు, 82 అయితే 475. హెచ్ అనేది వేగం హద్దు, గంటకు 210 కిలోమీటర్లు. పెద్ద రిమ్ముకు మారినప్పుడు గోడ పొట్టిదై లోపల గాలి తగ్గుతుంది, దానితో ఈ సూచిక కూడా తగ్గే ప్రమాదం ఉంది. టియాగో ఈవీకి ఇచ్చే 175/65 ఆర్14 టైరుకు మామూలుగా 82 ఉంటుంది. అందంగా కనబడే 175/60 ఆర్15లో అది 81కి దిగుతుంది, 462 కిలోలు. చక్రం పెద్దదై బలం తగ్గడం అంటే ఇదే. బ్యాటరీ బరువు మోసే కారుకు కంపెనీ ఇచ్చిన సూచిక కన్నా ఒక్క అంకె కూడా తక్కువ వేయకూడదు. భారీ విద్యుత్ కార్ల కోసమే హెచ్ఎల్ అనే గుర్తు పుట్టింది. 2021లో పిరెల్లీ దాన్ని లూసిడ్ ఎయిర్ కారు టైర్లకు మొదటిసారి వాడింది.

చక్రం గూడులో చోటు చూసుకోవడం దీని తర్వాతి పని. స్టీరింగును ఒక చివర నుంచి మరో చివరికి తిప్పి, కారులో మనుషుల్ని ఎక్కించి చూడాలి. ఖాళీ కారు నిటారుగా నిలబడ్డప్పుడు తగలని టైరు, నిండు బండి గుంతలో పడ్డప్పుడు లోపలి ప్లాస్టిక్ పలకను గీరుతుంది. వెడల్పు టైరు లోపలి వైపు షాక్ అబ్జార్బరుకు కూడా దగ్గరవుతుంది. ఏబీఎస్, జారకుండా ఆపే ఈఎస్‌పీ వంటి వ్యవస్థలు నాలుగు చక్రాల వేగాలను ఒకదానితో ఒకటి పోల్చుకుంటాయి. నాలుగూ ఒకే సైజులో మారితే అవి చాలావరకు సర్దుకుంటాయి. ముందు రెండు మార్చి వెనక రెండు పాతవే ఉంచితే అయోమయపడతాయి. ముందొక మోటారు, వెనకొక మోటారు ఉన్న కార్లలో అలా అసలే చేయరాదు.

గట్టు దగ్గరి బురదకు వెడల్పు మందు కాదు. బురదలో పనిచేసేది అచ్చు లోతు. తడి తారు మీద వెడల్పు టైరు సన్న టైరు కన్నా ముందే నీటి పొర మీద తేలుతుంది. యాక్సిలరేటరు తొక్కగానే మోటారు పూర్తి బలం చూపడం వల్ల విద్యుత్ కారు చక్రం బురదలో తేలిగ్గా గిర్రున తిరిగి గొయ్యి తవ్వుకుంటుంది. పాదం తేలిగ్గా వేసి, ఎకో మోడ్‌లో కదలడమే అక్కడ తెలివి. అనంతగిరి రిజర్వు అడవిలోకి ముళ్ల టైర్లతో బండి దింపడం మాత్రం చట్టమూ ఒప్పదు, అడవీ ఓర్వదు.

చట్టం మాట

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్ణయించిన వాటికి భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు, కేరళ నుంచి వచ్చిన ఆర్టీవో వర్సెస్ కె. జయచంద్ర కేసులో ఈ నియమాన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది వచ్చిన సవరణ 182-ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు అని చెప్పింది. రవాణా వాహనాల రిజిస్ట్రేషన్ దరఖాస్తులోనే టైర్ల సంఖ్య, సైజు రాయవలసి ఉంటుంది కాబట్టి ట్యాక్సీగా తిరిగే కారుకు చిక్కు మరింత సూటిగా ఎదురవుతుంది.

సొంత కారుకు ఇందులో ఒక సురక్షితమైన దారి ఉంది. అదే మోడల్‌లో పై వేరియంటుకో, కింది వేరియంటుకో కంపెనీ తానే ఆమోదించిన సైజు ఉంటే దానికి మారడం. డ్రైవరు తలుపు పక్కన అంటించిన చీటీలో, యజమాని పుస్తకంలో ఆ సైజులు, వాటికి తగ్గ గాలి ఒత్తిడి రాసి ఉంటాయి. ఆ జాబితా దాటితే బీమా కంపెనీకి ముందుగా రాసి తెలపడం మంచిది. ప్రమాదం జరిగాక సర్వేయరు మొదట చూసే వాటిలో టైర్లు ఉంటాయి.

దుకాణంలో

వికారాబాద్, తాండూరు టైర్ల దుకాణాల్లో లారీ, ట్రాక్టరు, ఆటో పని ఎక్కువ. విద్యుత్ కారు వచ్చినప్పుడు పనివారికి యజమాని ముందే చెప్పవలసిన మాట ఒకటుంది: జాకీ పుస్తకంలో చూపిన చోటే పెట్టాలి, బ్యాటరీ పెట్టె కింద పెట్టకూడదు. జాకీ తల ఆ పెట్టెను నొక్కితే జరిగే నష్టం నాలుగు టైర్ల ధరకు ఎన్నో రెట్లు. గాలి కూడా అందాజా మీద 30, 32 అని కొట్టించడం కాకుండా, చీటీలో ఉన్నంతే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు పట్టించాలి. బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు తప్పనిసరి. నట్లు టార్క్ రెంచితో బిగించి, యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి సరిచూసుకోవాలి. టైరు మధ్యలో ఉండే అరుగుదల గుర్తు 1.6 మిల్లీమీటర్ల దగ్గర పెడతారు. విద్యుత్ కారులో బరువు, తక్షణ బలం కలిసి ఆ గుర్తును త్వరగా తేలుస్తాయి కాబట్టి టైర్లను ముందూ వెనకా మార్చుకునే పనిని వాయిదా వేయకూడదు.

చివరికి స్టెప్నీ. 2020 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, గాలి ఒత్తిడి చూపే పరికరం, పంక్చరు కిట్టు ఉన్న చిన్న వాహనాలకు అదనపు చక్రం ఇవ్వనక్కర్లేదు. బ్యాటరీకి చోటు కోసం అనేక విద్యుత్ కార్లు ఈ వెసులుబాటును వాడుకున్నాయి. పంక్చరు కిట్టులోని జిగురు ద్రవం అచ్చులో దిగిన మేకు రంధ్రాన్ని పూడుస్తుంది, నాపరాతి పెచ్చు కోసిన పక్కగోడను పూడ్చలేదు. స్టెప్నీ ఉన్న కారులో నాలుగు టైర్లు మార్చి అయిదోది పాత సైజే వదిలేస్తే, అవసరంలో అది తక్కువ వేగంతో ఇల్లు చేరడానికే పనికొస్తుంది. స్టెప్నీ లేని కారులో తాండూరు వైపు పెద్దేముల్ దారిలో పక్కగోడ చీలితే దిక్కు టోయింగ్ బండే. అందులోనూ తాడు కట్టి లాగే బండి కుదరదు. చక్రాలు నేల మీద తిరిగితే వాటితో పాటు మోటారు కూడా తిరిగి విద్యుత్తు పుట్టించవచ్చు కాబట్టి, నాలుగు చక్రాలనూ పైకెక్కించుకుని మోసే ఫ్లాట్‌బెడ్ లారీనే పిలవాలి.